ఎనిమిదేళ్ల బాబు ఐదేళ్ల పిల్లాడిలా ఏడుస్తున్నాడంటే అర్థం ఏమిటి?

ఇలాంటి ఇబ్బందిలోనే ఉన్న ఇంకొందరు కూడా ఇది చదువుతారు కాబట్టి, మీరు రాసిన సంగతి ముందు క్లుప్తంగా చెప్తాను. మీ బాబుకి ఎనిమిదేళ్లు. చదువులో ముందుంటాడు, వయసుకు మించిన పుస్తకాలు చదువుతాడు, పెద్దవాళ్లతో చక్కగా మాట్లాడతాడు. కానీ ఆటలో ఓడిపోతే బోర్డు తోసేసి ఏడుస్తాడు. చెల్లెలు తన వస్తువు ముట్టుకుంటే కొట్టేస్తాడు. కాసేపయ్యాక వచ్చి "సారీ అమ్మా, ఇంకెప్పుడూ కొట్టను" అంటాడు. మర్నాడు మళ్లీ కొడతాడు. టీచరు "కొంచెం ఇమ్మెచ్యూర్‌గా ఉన్నాడు" అన్నారు. నాయనమ్మగారు గారాబం ఎక్కువైందంటున్నారు, మీవారు గట్టిగా ఉండాలంటున్నారు. ఇది జబ్బా, పెంపకంలో లోపమా, వయసు వస్తే తగ్గుతుందా అని మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లుగా పిల్లల మానసిక ఎదుగుదల మీదే పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో దాదాపు ప్రతివారం వింటాను. బాబుని చూడకుండా నిర్ధారణ చెప్పడం సరికాదు గానీ, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే గారాబం వల్ల చెడిపోయిన పిల్లాడిలా నాకు కనిపించడం లేదు. కొట్టడం తప్పని వాడికి తెలుసు. తెలుసు కాబట్టే తనంతట తాను వచ్చి సారీ చెప్తున్నాడు. అయితే ఆ తెలిసిన విషయం కోపం వచ్చిన నిమిషంలో వాడికి అందడం లేదు. ఆ అందకపోవడం ఏమిటో అర్థమైతే మిగతా ప్రశ్నలకు సమాధానం చాలావరకు దొరుకుతుంది.

రెండేళ్ల పిల్లల్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కోపం వస్తే ఒళ్లంతా కోపమే. అమ్మని కొరికేస్తారు. అమ్మ మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు, కానీ ఆ నిమిషంలో ఆ ప్రేమకు లోపల చోటు లేదు. మరో రెండు నిమిషాలకు అదే పిల్ల వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తుంది. ఇప్పుడు ప్రేమ ఉంది, కోపానికి చోటు లేదు. చిన్నతనంలో భావాలు ఇలా ఒకటి వెళ్లాక ఒకటి వస్తాయి. ఉన్నంతసేపు ఆ ఒక్కటే రాజ్యం చేస్తుంది.

పెద్దవాళ్లకీ కోపం వస్తుంది, కొట్టాలనిపిస్తుంది. కానీ అదే క్షణంలో "పాపం చిన్నవాడు", "దెబ్బ తగులుతుంది", "తర్వాత నేనే బాధపడతాను" అనే మరో భావం కూడా పక్కనే లేస్తుంది. మన చేతిని ఆపేది ఆ రెండోదే. నిగ్రహం అంటే పళ్ల బిగువున కోపాన్ని అణచిపెట్టడమని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతవరకు, కోపంతో పాటు దానికి ఎదురు నిలిచే భావం కూడా అదే సమయానికి మనసులో ఉండటమే నిగ్రహానికి అసలు ఆధారం. ఆ రెండూ ఒకేసారి పట్టేంత చోటు లోపల ఏర్పడటాన్నే నేను భావోద్వేగ పరిపక్వత అంటాను. ధైర్యం, ఓర్పు, పక్కవాళ్ల గురించి ఆలోచించడం, ఓడిపోయినా నవ్వగలగడం, అన్నీ దాని మీదే నిలబడతాయి. ధైర్యమంటే భయం లేకపోవడం కాదు కదా. భయం ఉంటుంది, దాని పక్కనే వెళ్లాలన్న కోరిక కూడా ఉంటుంది.

ఇది ఎప్పుడు వస్తుంది? 1980లలో సూజన్ హార్టర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒకే సమయంలో రెండు భావాలు ఉండొచ్చా అని వేర్వేరు వయసుల పిల్లల్ని అడిగి చూశారు. బాగా చిన్నవాళ్లు అలా ఉండవనే చెప్పారు. కాస్త పెద్దవాళ్లు ముందు ఇది, తర్వాత అది అన్నారు. ఒకే మనిషి మీద ఒకేసారి ప్రేమా కోపమూ రెండూ ఉంటాయని స్పష్టంగా చెప్పగలిగింది పది పదకొండేళ్ల ప్రాంతంలో. ప్రశ్న అడిగే తీరు మారిస్తే ఇంకాస్త చిన్న వయసులోనే ఈ జవాబులు వస్తాయని తర్వాతి పరిశోధకులు చూపించారు, కానీ వరుస మాత్రం అదే. ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. అవన్నీ పిల్లలు ప్రశాంతంగా కూర్చుని చెప్పిన జవాబులు. చల్లగా ఉన్నప్పుడు చెప్పగలగడం వేరు, ఒళ్లు వేడెక్కినప్పుడు చేయగలగడం వేరు. రెండోది ఇంకా ఆలస్యంగా వస్తుంది.

మామూలుగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లల ఆలోచనలో పెద్ద మార్పు వస్తుందని షెల్డన్ వైట్ 1965లోనే రాశారు. ఆ వయసులోనే చాలామంది పిల్లల్లో చెయ్యి ఎత్తబోయి తగ్గించుకోవడం, ఏడుపు వచ్చినా మాటల్లో చెప్పడం మొదలవుతుంది. ఐదేళ్లకే మొదలైన పిల్లలున్నారు, తొమ్మిదేళ్లకు గానీ మొదలుకాని పిల్లలూ ఉన్నారు. మీ బాబు ఆ చివరి గుంపులో ఉండవచ్చు.

మెదడు విషయం కాస్త చెప్తాను. ప్రమాదం, కోపం, భయం వంటి వాటికి వెంటనే స్పందించే అమిగ్డలా అనే చిన్న భాగం పసితనం నుంచే చురుకుగా పనిచేస్తుంది. దాన్ని సముదాయించి, "ఆగు, ఇంకోవైపు కూడా చూడు" అనే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనకున్న భాగం, ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది. రెండింటినీ కలిపే దారులు కూడా నెమ్మదిగానే గట్టిపడతాయి. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆ పని సగంలో ఉంటుంది. అలసట, ఆకలి, నిద్రలేమి, టెన్షన్ ఉన్న రోజున ఆ సగం కూడా సరిగ్గా పనిచేయదు. ఉదయం బుద్ధిగా ఉన్న పిల్లాడు సాయంత్రం ఏడింటికి ఇంకొకడిలా అయిపోవడానికి కారణం ఇదే. పొద్దున ఉండగలిగినవాడు సాయంత్రం కావాలనే చేస్తున్నాడని అనుకోకండి.

మీ బాబు విషయంలో చిక్కు ఏమిటంటే వాడి తెలివి ముందుంది, మనసు వెనక ఉంది. తెలివైన పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. చదవడం, లెక్కలు, మాటలు ఒక వేగంతో ఎదిగితే భావాలు ఇంకో వేగంతో ఎదుగుతాయి. పదకొండేళ్ల పిల్లాడిలా మాట్లాడుతుంటే మనం తెలియకుండానే పదకొండేళ్ల పిల్లాడి ప్రవర్తన ఆశిస్తాం. వాడు ఐదేళ్ల పిల్లాడిలా ఏడిస్తే షాక్ తింటాం. అంత బాగా మాట్లాడేవాడికి ఇంత చిన్న విషయం అర్థం కాదా అనిపిస్తుంది. అర్థమైంది, ఆ సంగతి వాడే మీకు చెప్తున్నాడు కూడా. "ఇంకెప్పుడూ కొట్టను" అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ ఆ మాట ఇచ్చినప్పుడు లోపల కోపం లేదు. కోపం వచ్చిన వేళ ఆ మాట గుర్తుకు రాలేదు. దీన్ని అబద్ధంగానో నటనగానో తీసుకుంటే పిల్లాడికి చాలా అన్యాయం చేసినట్టవుతుంది. కొన్నాళ్లకు వాడే "నేను చెడ్డవాణ్ణి" అని నమ్మడం మొదలుపెడతాడు. నాకు భయం వేసేది కొట్టడం గురించి కాదు, ఈ నమ్మకం గురించి.

"ఎందుకు కొట్టావు?" అని అడగడం కూడా అందుకే పనికిరాదు. ఎందుకో వాడికీ తెలియదు. మీరు వదలకుండా అడిగితే ఏదో ఒకటి అల్లి చెప్తాడు. అప్పుడు అబద్ధాలు కూడా ఆడుతున్నాడనే కొత్త నేరం మొదలవుతుంది.

కొందరిలో ఈ ఎదుగుదల ఎందుకు ఆలస్యమవుతుంది? కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కోసారి రెండు మూడు కలిసి ఉంటాయి. పుట్టుకతోనే ఎక్కువ సున్నితంగా ఉండే పిల్లలుంటారు. శబ్దం, స్పర్శ, మాట, ముఖ కవళిక, ఏదైనా మిగతావాళ్లకంటే లోతుగా తగులుతుంది. వాళ్లలో ఒక్కో భావమే అంత పెద్దగా ఉంటుంది కాబట్టి రెండో భావానికి చోటు దొరకడానికి ఎక్కువ కాలం పడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కూడా ఆలస్యం కనిపించవచ్చు. ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల్లో ఒకరు దూరం కావడం, ఊరు మారడం, తమ్ముడో చెల్లెలో పుట్టడం వంటివి కూడా కొంతకాలం వెనక్కి లాగుతాయి.

ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం, ఆవేశం ఎక్కువగా ఉండే ఎదుగుదల సమస్య, దాని సంగతి వేరుగా చెప్పాలి. 2007లో ఫిలిప్ షా, ఆయన సహచరులు అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో చేసిన ఎంఆర్ఐ పరిశోధనలో ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడు పైపొర ఎదుగుదల మిగతా పిల్లల వరుసలోనే సాగిందని, కానీ సుమారు మూడేళ్లు ఆలస్యంగా సాగిందని తేలింది. మామూలు పిల్లల్లో ఏడున్నరేళ్ల ప్రాంతంలో చేరే దశకు వాళ్లు పదిన్నరేళ్ల ప్రాంతంలో చేరారు. ఏడీహెచ్‌డీ మీద జీవితమంతా పనిచేసిన రస్సెల్ బార్క్‌లీ అలాంటి పిల్లల నిగ్రహాన్ని అసలు వయసులో సుమారు 30 శాతం తగ్గించి అంచనా వేయమంటారు. ఇది కొలత కాదు, ఒక లెక్కకు పనికొచ్చే సూత్రం. మీ బాబుకి ఏడీహెచ్‌డీ ఉందని నేను అనడం లేదు. ఉన్నా కూడా అది ఎదుగుదల ఆలస్యానికి సంబంధించిన సంగతేనని, చెడ్డతనానికి కాదని చెప్పడానికే ఇది రాశాను.

దీనికి ఎదురుగా ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. 2018లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం స్కూల్లో చేరాలంటే సెప్టెంబర్ 1లోపు నిర్ణీత వయసు నిండాలన్న నియమం ఉన్న రాష్ట్రాల పిల్లల్ని పరిశీలించింది. ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికంటే చిన్నవాళ్లుగా ఉన్న పిల్లలకు, సెప్టెంబర్‌లో పుట్టి అందరికంటే పెద్దవాళ్లుగా ఉన్న పిల్లలకంటే ఏడీహెచ్‌డీ అనే ముద్ర 34 శాతం ఎక్కువగా పడింది. అంటే కొందరి విషయంలో జబ్బుగా కనిపించింది కేవలం పదకొండు నెలల వయసు తేడా. మీ బాబు తరగతిలో చిన్నవాడైతే టీచరు మాటను ఆ దృష్టితో కూడా చూడండి.

పాలపళ్లు కొందరికి ఐదేళ్లకే ఊడతాయి, కొందరికి ఏడు దాటాక. ఆలస్యమైందని మనం లాగి పీకం, అసలేమీ పట్టించుకోకుండా కూడా ఉండం. ఎదగడానికి కావలసినవి అందుతున్నాయా లేదా చూసుకుంటాం. భావాల ఎదుగుదల విషయంలో మాత్రం ఆ ఓపిక మనకు సులభంగా రాదు, ఎందుకంటే దాని ఫలితం మన ముఖం మీదే పడుతుంది.

ఇక గారాబమా, కట్టుదిట్టమా అన్న వాదన. నాయనమ్మగారు "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారని రాశారు. పెద్దావిడ ఆందోళన నాకు అర్థమవుతుంది, మనవడి మీద ప్రేమతోనే ఆ మాట అని ఉంటారు. కానీ వంచితే వంగేది ప్రవర్తన. లోపలి ఎదుగుదల ఇంకో సంగతి. గట్టిగా భయపెడితే పిల్లాడు నాన్నగారి ముందు చెల్లెల్ని కొట్టడు. అది నాన్నగారు గదిలో ఉన్నంతవరకే. అప్పుడు వాణ్ణి ఆపుతున్నది చెల్లెలి మీద జాలి కాదు, దెబ్బల భయం. భయం తీసేస్తే ఏమీ మిగలదు. పైగా చిన్నవాళ్ల మీద కోపం వస్తే పెద్దవాళ్లు కొట్టొచ్చని వాడు అదే సమయంలో నేర్చుకుంటాడు. 2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ కలిసి 75 అధ్యయనాలను, వాటిలోని లక్షా అరవై వేలకు పైగా పిల్లల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. పిల్లల్ని కొట్టడానికి, వాళ్లలో దుడుకుతనం, ఆందోళన ఎక్కువగా ఉండటానికి సంబంధం కనిపించింది. మంచి ఫలితాలతో సంబంధం కనిపించలేదు.

అలాగని అడిగిందల్లా ఇచ్చేయడం, ఏడుపు రాకుండా చూసుకోవడం కూడా ఎదగనివ్వవు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే చాలా ఇళ్లల్లో ఇక్కడే దారి తప్పుతుంది.

పిల్లలు పేచీ పెడతారు, మనం కాదంటాం. వాళ్లు అరుస్తారు, బేరమాడతారు, కొడతారు. ఇదంతా ఆ "కాదు"ని మార్చే ప్రయత్నం. అది నిజంగా మారదని మనసుకు తగిలిన క్షణంలో ఏడుపు తీరు మారుతుంది. కోపపు అరుపు పోయి, గొంతు మెత్తబడి, దుఃఖం వస్తుంది. ఒళ్లు వదులవుతుంది, మన మీద వాలిపోతారు. ఆ రెండో ఏడుపు చాలా విలువైనది. దొరకనిది దొరకదని మనసు ఒప్పుకునేది ఆ కన్నీళ్లలోనే. అలా ఎన్నోసార్లు జరిగితేనే ఓటమిని తట్టుకునే శక్తి వస్తుంది. గారాబం చేసేవాళ్లు పిల్లాణ్ణి ఆ ఏడుపుదాకా వెళ్లనివ్వరు, మధ్యలోనే ఇచ్చేస్తారు. కటువుగా ఉండేవాళ్లు "మగపిల్లాడివి, ఏడుస్తావా? నోర్ముయ్" అని ఆ ఏడుపునే తిట్టి మూసేస్తారు. రెండు చోట్లా పిల్లాడికి ఆ దుఃఖం పూర్తిగా పడే అవకాశం దొరకదు. దుఃఖంగా బయటికి రానిది మళ్లీ కోపంగానే వస్తుంది. అందుకే "కాదు" అని స్థిరంగా చెప్పండి, చెప్పాక వాడి పక్కనే కూర్చోండి. "అవును, నీకు చాలా కావాలనిపించింది. దొరకలేదు. ఏడుపొస్తోంది కదా" అంటే చాలు. మాట మార్చకండి, పాఠం చెప్పకండి, వదిలేసి వెళ్లిపోకండి. తండ్రి కూడా ఇది చేయగలిగితే అంతకంటే మంచిది లేదు, ఎందుకంటే నాన్న దగ్గర ఏడవొచ్చని తెలిసిన మగపిల్లాడికి సగం బరువు దిగుతుంది.

కొట్టబోతున్నప్పుడు ఏం చేయాలని అడిగారు. ముందు చెల్లెలి భద్రత. ఎదుగుదల ఆలస్యమైంది కాబట్టి పాప దెబ్బలు తినాలని లేదు. ఇద్దరి మధ్యలోకి మీరు వెళ్లండి, అవసరమైతే వాడి చెయ్యి మెల్లగా పట్టుకోండి. గొంతు తగ్గించి "కొట్టనివ్వను" అనండి, అంతే. "కొట్టకూడదు" అని చెప్పడానికి బదులు "కొట్టనివ్వను" అని మీరు ఆపుతున్నారు. వాడిలో ఇంకా రాని నిగ్రహాన్ని ఆ నిమిషంలో మీరే అరువిస్తున్నారన్నమాట. ఆ వేడిలో చెప్పే నీతులు ఏవీ చెవికెక్కవు. సారీ చెప్పమని బలవంతం చేయకండి, మీ బాబు తనంతట తానే చెప్తాడని మీరే రాశారు. పాపను ముందు ఓదార్చండి, ఆ తర్వాత వాడి దగ్గరికి వెళ్లండి. గదిలో ఒంటరిగా పెట్టి తలుపు వేయడం నేను సిఫారసు చేయను. తన కోపానికి తానే భయపడుతున్న పిల్లాడికి ఆ సమయంలో అమ్మ దూరం కావడం ఇంకో భయం.

అసలు పని తర్వాత ఉంటుంది. రాత్రి పడుకునేముందు కావొచ్చు, దారిలో నడుస్తున్నప్పుడు కావొచ్చు. విచారణలా కాకుండా, మీకు మీరు చెప్పుకుంటున్నట్టు ఒక మాట అనండి: "ఇవాళ చెల్లి నీ బొమ్మ తీస్తే చాలా కోపం వచ్చింది. అది కిందపడి ఏడిస్తే జాలి కూడా వేసింది. నీలో రెండూ ఉన్నాయి." అంతటితో ఆపేయండి. వాడు తల ఊపినా ఊపకపోయినా ఫర్వాలేదు. రెండు భావాలకూ పేర్లు పెట్టి, రెండూ ఒకే మనసులో ఉండొచ్చని మీరు అనుమతిస్తున్నారు. నెలల తరబడి ఇది వింటూ ఉంటే, ఒకరోజు వాడే "నాకు వెళ్లాలనీ ఉంది, భయంగానూ ఉంది" అంటాడు. ఆ "ఇదీ ఉంది, అదీ ఉంది" అన్న వాక్యం పిల్లల నోట మొదటిసారి విన్నప్పుడు నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ముందు జాగ్రత్త కూడా కావాలి. ఆట మొదలుపెట్టేముందే "ఓడితే నీకు ఏడుపొస్తుంది, అప్పుడు బోర్డు తోయకుండా నా దగ్గరికి వచ్చేస్తావా?" అని అడగండి. అప్పుడు చల్లగా ఉంటాడు కాబట్టి సరే అంటాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు మర్చిపోతాడు. గుర్తున్న ఆ రెండుసార్లే ఎదుగుదల. కొన్నాళ్లు గెలుపోటములు లేని ఆటలు, అందరూ కలిసి ఒక లక్ష్యం చేరే ఆటలు ఎక్కువ ఆడించండి. ఓడే ఆటలు చిన్నవిగా, వాడు అలసిపోని వేళల్లో పెట్టుకోండి. వాణ్ణి గెలిపించడానికి ప్రతిసారీ మీరు ఓడిపోకండి, అది వాడికి తెలిసిపోతుంది. చెల్లెలితో గొడవలు ఎక్కువగా జరిగే వేళ ఏదో గమనించి, ఆ అరగంట ఇద్దరినీ విడివిడిగా ఉంచండి. వాడి వస్తువులకు పాప చెయ్యి అందని ఒక చోటు ఇవ్వండి. నిద్ర తప్పకుండా చూడండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరం. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం చికాకు నిద్ర సరిచేస్తేనే తగ్గిన ఇళ్లు నాకు తెలుసు.

స్టార్ చార్టులు, బహుమతుల సంగతి: పళ్లు తోముకోవడం, బ్యాగు సర్దుకోవడం వంటి అలవాట్లకు పనికొస్తాయి. కోపం వచ్చిన క్షణానికి పనికిరావు. తన వల్ల కానిదానికి బహుమతి పెడితే ఓడిపోయే జాబితాలో ఇంకొకటి చేరుతుంది.

మార్పు వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? నా దగ్గరికి వచ్చిన ఏడేళ్ల పాప ఒకసారి తమ్ముడితో కలిసి చెక్క దిమ్మెలతో ఏదో కడుతోంది. వాడు తగిలి అంతా కూలిపోయింది. పాప ఒక దిమ్మె అందుకుని వాడి మీదకు చెయ్యెత్తింది. చెయ్యి గాల్లోనే ఆగింది. ఒక్క క్షణం తమ్ముడి ముఖం చూసింది, కింది పెదవి వణికింది, ముఖం ఎర్రబడింది. తర్వాత ఆ దిమ్మెను బలంగా నేలకేసి కొట్టి ఏడ్చేసింది. తల్లి వెంటనే "వస్తువులు విసురుతావా?" అని కసిరింది. నేను ఆవిడను ఆపి, మీ పాప ఇప్పుడేం చేసిందో చూశారా అని అడిగాను. ఆరు నెలల క్రితం ఆ దిమ్మె తమ్ముడి తలకు తగిలి ఉండేది. ఇవాళ కోపం మధ్యలో తమ్ముడు కనిపించాడు, గురి మారింది. పైకి అది ఇంకా అల్లరే. లోపల మాత్రం పెద్ద పని జరిగింది.

మీరు వెతకవలసింది ఇలాంటి వాటినే. కొట్టేముందు అర క్షణం తటపటాయింపు, చేత్తో కొట్టడానికి బదులు నోటితో తిట్టడం, తోయడానికి బదులు పరుగెత్తుకుంటూ మీ దగ్గరికి రావడం, ఏడుపు నలభై నిమిషాల నుంచి పావుగంటకు తగ్గడం. వాణ్ణి తరగతిలోని పిల్లలతో పోల్చకండి, ఆరు నెలల క్రితం వాడితోనే పోల్చండి. చెల్లెలితో అసలే పోల్చకండి. జ్వరం వచ్చినప్పుడు, పరీక్షలప్పుడు, ఇల్లు మారినప్పుడు మళ్లీ వెనక్కి వెళ్తాడు. అది మామూలే, కొన్ని వారాల్లో తిరిగి వస్తాడు.

చిన్నతనంలో నిగ్రహం లేకపోతే పెద్దయ్యాక కష్టమే అని ఎక్కడో చదివి భయపడ్డానని రాశారు. బహుశా అది న్యూజీలాండ్‌లోని డునెడిన్ అధ్యయనం గురించి అయి ఉంటుంది. 1972-73లో అక్కడ పుట్టిన సుమారు వెయ్యిమందిని దశాబ్దాలపాటు గమనించారు. చిన్నప్పుడు నిగ్రహం తక్కువున్నవాళ్లకు పెద్దయ్యాక ఆరోగ్యం, డబ్బు విషయాల్లో సగటున ఇబ్బందులు ఎక్కువన్నది నిజమే. కానీ 2011లో వచ్చిన ఆ నివేదికలోనే ఇంకో మాట ఉంది: చిన్నప్పటికంటే ఎదిగేకొద్దీ నిగ్రహం పెరిగినవాళ్లు 32 ఏళ్ల వయసుకు అనుకున్నదానికంటే బాగున్నారు. ఎనిమిదేళ్లకే ఎవరి కథా రాసిపెట్టి లేదు.

డాక్టరుకు చూపించాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి, అవి దాటవేయకండి. తనను తాను కొట్టుకోవడం, కొరుక్కోవడం, "చచ్చిపోతాను" లాంటి మాటలు అనడం ఉంటే ఆలస్యం వద్దు. కొట్టాక బాధ అసలు కనిపించకపోవడం, జంతువుల్ని హింసించడం, అంతకుముందు వచ్చిన మాటలు గానీ నైపుణ్యాలు గానీ పోవడం, ఎవరితోనూ స్నేహం కుదరకపోవడం, ఎదుటివాళ్ల ముఖంలో భావం అస్సలు పోల్చుకోలేకపోవడం ఉంటే చైల్డ్ సైకాలజిస్టునో, పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టరునో (డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్) కలవండి. పెద్ద ఆవేశాలు వారానికి మూడు అంతకంటే ఎక్కువసార్లు వస్తూ, మధ్య రోజుల్లో కూడా ఎప్పుడూ చిరాకుగానే ఉంటూ, ఏడాదిగా ఇలాగే సాగుతుంటే అదీ చూపించాల్సిందే. హఠాత్తుగా మారిపోయి ఉంటే స్కూల్లోనో ఇంకెక్కడో ఏదైనా జరిగిందేమో నెమ్మదిగా తెలుసుకోవాలి. రాత్రి గురక పెడుతుంటే, సరిగ్గా వినిపించడం లేదని అనుమానం ఉంటే మామూలు పిల్లల డాక్టరుకు ముందు చూపించండి. వీటివల్ల కూడా ప్రవర్తన అచ్చం ఇలాగే ఉంటుంది. పరీక్ష చేయించడం అంటే పిల్లాడి మీద ముద్ర వేయించడం కాదు. చాలాసార్లు "ఏమీ లేదు, సమయం ఇవ్వండి" అని చెప్పించుకుని వస్తారు. ఏదైనా ఉంటే తొందరగా తెలిసినందువల్ల సాయం కూడా తొందరగా అందుతుంది.

టీచరుగారిని ఇంకోసారి కలిసినప్పుడు "ఇమ్మెచ్యూర్" అన్న మాట దగ్గర ఆగిపోకండి. ఏ వేళలో ఎక్కువగా జరుగుతోంది, దానికి ముందు ఏం జరిగింది, ఎవరితో, ఎవరు దగ్గరుంటే తొందరగా సర్దుకుంటాడు అని అడగండి. క్లాసులో ఒక్క పెద్దమనిషైనా వాణ్ణి ఇష్టంగా చూసేవాళ్లు, కోపం వచ్చినప్పుడు వాడు వెళ్లి పక్కన నిలబడగలిగేవాళ్లు ఉండేలా చూడమని కోరండి. అందరి ముందు మందలించవద్దని కూడా చెప్పండి.

మీరు రాయని విషయాలు కొన్ని ఉన్నాయి. వాడు రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు, తరగతిలో మిగతావాళ్లకంటే చిన్నవాడా, నెలలు నిండాకే పుట్టాడా, చెల్లెలు పుట్టకముందు కూడా ఇలాగే ఉండేవాడా, మీరిద్దరూ లేని చోట, స్నేహితుల ఇంట్లో ఎలా ఉంటాడు. వీలైతే రెండు వారాలపాటు పెద్ద ఏడుపు వచ్చిన ప్రతిసారీ టైమూ, దానికి ముందు జరిగిందీ, ఎంతసేపు సాగిందీ ఒక పుస్తకంలో రాసి, ఇక్కడే పెట్టండి. మీవారిని కూడా రాయమనండి, ఒకే గొడవ ఇద్దరికీ వేర్వేరుగా కనిపిస్తుంది. అది చూశాక మీ బాబుకి సరిపోయేలా ఇంకాస్త వివరంగా చెప్తాను.